పాత పడుగు కొస తెంపకు చెల్లె

చెల్లె, ఇయ్యాల దుకాణం జర తొందరగనే కట్టేసిన. బయట రాయచూరు పోయే బస్సులు ఒకదాని ఎనక ఒకటి పోతున్నయ్. చాయ గ్లాసు పక్కకు పెట్టుకొని, నీతోని మనసు విప్పి మాట్లాడుదామని కూసున్న.

మొన్న ఆత్మకూరు దిక్కు నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. నా లెక్కనే డీటీపీ, జిరాక్స్ దుకాణం పెట్టుకున్నదంట. “అక్కా, కంప్యూటర్ల కొత్త సిస్టమ్ ఎక్కించుకున్న. మూడు రోజుల సంది ఒక్క పని ముందుకు పడుతలేదు. మళ్ల పాతదే ఎక్కించుకుంట అంటే ఇంట్ల అందరు ఒక్కటే మాట అంటున్రు, ముందుకు పోయినోళ్లు ఎవరన్న ఎనుకకు వస్తరా అని. నాకు సిగ్గయితున్నదక్కా” అన్నది. ఆ సిగ్గు అన్న మాట నాకు ముల్లు లెక్క గుచ్చుకున్నది. ఎందుకంటే ఒకప్పుడు ఆ సిగ్గు నేను కూడ పడ్డ. అందుకే ఆ చెల్లెకు ఫోన్ల చెప్పిన ముచ్చటే ఇయ్యాల నీకు కూడ చెప్తున్న.

మక్తల్‌ల మా దుకాణం చిన్నది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, ఒక ప్రింటర్, లామినేషన్ మిషన్. పెండ్లి కార్డులు, దశదినకర్మ పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, దుకాణాల బిల్లుబుక్కులు, దీపావళి పోయినంక కురుమూర్తి జాతరకు పోయే భజన మండళ్ల కరపత్రాలు, ఇవే మా బతుకుదెరువు. మాఘమాసం వచ్చిందంటే తిండి తినే తీరిక ఉండదు.

అట్లాంటి ఒక మాఘంల, ఒకనాటి రాత్రి దుకాణం కట్టే ముందు, కొత్త సిస్టమ్ ఎక్కించుకోమని తెర మీద ఒక డబ్బా వచ్చింది. నొక్కిన. కొత్తదంటే మంచిదే కద, తెల్లారేసరికి అయిపోతది అనుకున్న. నా టైపింగ్ సాఫ్ట్‌వేర్ దాని మీద నడుస్తదా, నా ప్రింటర్‌కు దాని డ్రైవర్ ఉన్నదా అని ఎవ్వరిని అడగలేదు. అది నా తొందరపాటు. ఇండ్ల ఏ కంపెనీ తప్పు లేదు.

తెల్లారి పది గంటలకు కృష్ణ ఒడ్డు ఊరి నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు. చేతుల నోటుబుక్కు కాయితం, నాలుగు మూలలకు పసుపు. బిడ్డ పెండ్లి. మొగపిల్లగానిది రాయచూరు దిక్కు. కార్డు ఒక పక్క తెలుగు, ఇంకో పక్క కన్నడం. కన్నడం మ్యాటర్ రాయచూరుల టైపయి వచ్చింది, తెలుగు నేను కొట్టాలె. మాదిరి చూపిద్దామని పోయినేడాది కార్డు ఫైలు తెరిచిన.

తెర మీద తెలుగు లేదు చెల్లె. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, కాళ్లకు తోకలు, నడుమ లెక్కల గుర్తులు. పూలతీగ బార్డర్ ఉన్నకాడ ఉన్నది, వినాయకుని బొమ్మ ఉన్నకాడ ఉన్నది. నడుమ అక్షరాలు మాత్రం లేవు. ఆ పెద్దమనిషికి చదువు అంతగ రాదు. కాని కార్డు నెత్తిన దేవుని పేరు ఏ తావున ఉంటదో ఆయనకు ఎరుకనే. తెర దగ్గరికి వంగి, అదే తావున వేలు పెట్టి, “బిడ్డా, మా పడమటి ఆంజనేయస్వామి పేరేది?” అని అడిగిండు. నాకు నోట మాట రాలేదు. “రేపు రాండ్రి పెద్దయ్యా, సిస్టమ్ జర ఖరాబైంది” అని చెప్పిన. ఆ పసుపు కాయితాన్ని మళ్ల మడిచి అంగీ జేబుల పెట్టుకొని పోయిండు.

పగలంత కొట్లాడిన. ఫాంట్లు మళ్ల ఎక్కించిన. అక్షరాలు వచ్చినయ్ గాని కీబోర్డు పలుకుతలేదు. నేను ‘క’ నొక్కితే ఇంకోటి పడుతున్నది. స్క్రీన్ ప్రింటింగ్ కోసం బటర్ పేపర్ మీద ప్రింట్ తీసే పాత ప్రింటర్‌ను కొత్త సిస్టమ్ గుర్తే పడుతలేదు. పొద్దుగూకినంక, కంప్యూటర్లు రిపేరు చేసే తమ్మున్ని పిలిచిన. ఆ తమ్ముడు కుర్చీల కూసోకముందే అడిగిన మాట ఇప్పటికి నా చెవుల్ల ఉన్నది. “అక్కా, ఎక్కించి ఎన్ని రోజులైంది?” నిన్ననే అన్న. “అయితే ఫికర్ లేదు. తలుపు ఇంక తెరిచే ఉన్నది” అన్నడు.

ఆ తలుపు ముచ్చట జర మంచిగ విను చెల్లె, మస్తు మందికి ఇది ఎరుక లేదు. పాత విండోస్ మీదనే కొత్తది ఎక్కిస్తే, పాతది ఒక్కసారికే చెరిగిపోదు. సీ డ్రైవ్‌ల విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ల దాన్ని మడతపెట్టి దాచిపెడతది. సెట్టింగ్స్‌ల రికవరీ కాడికి పోతే గో బ్యాక్ అని ఉంటది. అది నొక్కితే పాతది మళ్ల వస్తది. 2015ల విండోస్ 10 వచ్చిన కొత్తల ఈ గడువు 30 రోజులు ఉండె. 2016ల దాన్ని 10 రోజులకు తగ్గించిన్రు. విండోస్ 11కు కూడ అదే 10 రోజులు. గడువు దాటక ముందే ఒక కమాండ్ కొడితే 60 రోజుల దాకా పెంచుకోవచ్చు, తెలిసినోళ్లతోని చేపించుకో.

రెండు ముచ్చట్లు మాత్రం మరువొద్దు. జాగ చాలుతలేదని డిస్క్ క్లీనప్ కొట్టి ఆ పాత ఫోల్డర్‌ను తీసేస్తే, పదిరోజులు కాకున్నా తలుపు మూసుకుంటది. మొత్తం ఫార్మాట్ కొట్టి కొత్తది ఎక్కించినా అంతే, ఎనుకకు తొవ్వ ఉండదు. గో బ్యాక్ నొక్కినప్పుడు నీ ఫైళ్లు మామూలుగ ఉంటయ్, కాని కొత్తది ఎక్కినంక వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతయ్. అందుకే ఆ తమ్ముడు నొక్కే ముందు నా ఫైళ్లన్ని బయట హార్డ్ డిస్క్‌ల కాపీ చేసిండు. “ఉంటయ్ అని చెప్పినా సరే, కాపీ లేకుండ చెయ్యి పెట్టొద్దక్కా” అన్నడు.

తెర నల్లగైంది. నడుమ చుక్కలు గుండ్రంగ తిరుగుతున్నయ్. నేను ఇంటికి పోలేదు, ఆడనే కూసున్న. గంట దాటినంక పాత తెర వచ్చింది. కార్డు ఫైలు తెరిస్తే, నెత్తిన ఎర్ర అక్షరాలల్ల స్వామి పేరు కనబడ్డది. చెల్లె, ఆ రాత్రి ఆ పేరు చూసి దండం పెట్టిన. తెల్లారి పెద్దమనిషి వచ్చిండు. నేను ఏం చెప్పకముందే తెర దిక్కు చూసి, “వచ్చిండు స్వామి” అన్నడు. కార్డులు టైముకు పోయినయ్, పెండ్లి టైముకు అయింది.

ఇప్పుడు చెప్పు, నేను ఎనుకకు వచ్చిన్నని సిగ్గుపడాల్నా?

ప్రపంచంల మనమొక్కలమే కాదు ఇట్ల వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ 2001ల వచ్చింది. దాని తర్వాత 2007ల విస్టా వచ్చింది. విస్టా వేసుకున్నోళ్లు మస్తు మంది, బరువైంది, మా పాత సామాన్లు దీని మీద నడుస్తలేవు అని మళ్ల ఎక్స్‌పీకి వచ్చిన్రు. డెల్ అంత పెద్ద కంపెనీ కూడ, కొనేటోళ్లు పట్టుబట్టి అడిగితే, అదే ఏడాది ఏప్రిల్‌ల ఇండ్లల్ల వాడే కొన్ని కంప్యూటర్లను మళ్ల ఎక్స్‌పీతోని అమ్ముతమని ప్రకటించింది. 2012ల విండోస్ 8ల స్టార్ట్ బటన్ తీసేసిన్రు. జనం మాకు తొవ్వ దొరుకుతలేదు అంటే, 2013ల 8.1ల బటన్ తెచ్చిన్రు, 2015ల విండోస్ 10ల పూర్తి స్టార్ట్ మెనూ తెచ్చిన్రు. అంటే చేసినోళ్లు కూడ ఒక అడుగు ఎనుకకు ఏసిన్రు. అడుగు తప్పు పడితే సదురుకునుడు తెలివిగలోళ్లు చేసే పనే.

కాని మన తెలుగు దుకాణాలోళ్లు పాతదాన్ని వదలకపోవుడుకు ఇంకో కారణం ఉన్నది. అది మన అక్షరాల ముచ్చట.

తెలుగు డీటీపీ అంత ఏండ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద, అను లాంటి ఫాంట్ల మీద నడిచింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001ల. దాని తర్వాత కొత్త పేజ్‌మేకర్ రానే లేదు. అయినా ఊరూర ఆడపిల్లలు, మొగపిల్లలు దాని మీదనే పని నేర్చుకొని ఇండ్లు నిలబెట్టుకున్నరు. నేను కూడ అట్లనే నేర్చుకున్న. ఆ రోజులల్ల ఆ ఫాంట్లు లేకుంటే మన పెండ్లి కార్డు మీద తెలుగు అంత అందంగ కూసునేది కాదు. ఆ రుణం నేను మరువ.

అయితే ఆ కాలపు ఫాంట్లల్ల ఒక ఉపాయం ఉన్నది. తెలుగు అక్షరానికి కంప్యూటర్ల సొంత ఇల్లు లేనప్పుడు, ఇంగ్లీషు అక్షరాల ఇండ్లల్ల కిరాయికి ఉంచిన్రు. లోపల ఇంగ్లీషు అక్షరమే ఉంటది, పైకి ఫాంటు తెలుగు రూపం చూపిస్తది. ఆ ఫాంటు ఉన్నన్ని దినాలు ముత్యాల లెక్క కనబడతది. ఫాంటు లేని కంప్యూటర్ల తెరిస్తే, అసలు ఇంటివాళ్లే బయటికి వస్తరు. నా తెర మీద చుక్కలు, తోకలు కనబడ్డది అందుకే. అట్లనే పాత కీబోర్డు సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్ డ్రైవర్, ఇవన్ని అప్పటి సిస్టమ్‌ను చూసి కుట్టిన బట్టలు. మనిషి మారితే సరిపోతలేవు.

యూనికోడ్ అని వింటుంటవ్ కద. అది తెలుగుకు సొంత ఇల్లు కట్టింది. 1991ల వచ్చిన మొదటి యూనికోడ్‌లనే తెలుగు ఉన్నది, మన లిపికి 128 గళ్లు పక్కకు పెట్టిన్రు. విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది. నీ ఫోన్ల వాట్సాప్ మెసేజ్ తెలుగుల వస్తున్నదంటే అది యూనికోడే. దుబాయ్‌ల ఉన్న నీ అన్నకు పంపినా, అమెరికాల ఉన్న ఆడబిడ్డకు పంపినా, తెలుగు తెలుగు లెక్కనే కనబడతది. మన డీటీపీ మాత్రం చానా ఏండ్లు కిరాయి ఇంట్లనే ఉండిపోయింది. ఎందుకంటే పేజ్‌మేకర్‌ల యూనికోడ్ తెలుగు సరిగ పొసగదు.

అందుకే చెల్లె, సిస్టమ్ ఎనుకకు పోతే పోనీ, దానికి నేను బాధపడ. అక్షరాలు మాత్రం ఎనుకనే ఉండిపోవద్దు. అది నాకు తెలిసొచ్చిన ముచ్చట జర ఆగి చెప్త.

అంతకు ముందు ఒక పెద్దక్క లెక్క భయం కూడ చెప్పాలె. పాత సిస్టమ్ మీద ఉండుడంటే నిమ్మళంగ ఉండుడు కాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న కంపెనీ మామూలు సాయం ఆపేసింది. విండోస్ 10 ఇండ్లల్ల వాడేటోళ్లు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రత అప్‌డేట్లు ఇస్తమన్నరు. సాయం ఆగినంక కంప్యూటర్ నడుస్తనే ఉంటది, కాని కావలి ఉండదు. కావలి లేని చేన్ల పంట నిలుస్తదా?

2017 మే 12న వాన్నక్రై అనే దాడి జరిగింది. ఫైళ్లకు తాళమేసి పైసలు అడిగే వైరస్. సుమారు 150 దేశాల కంప్యూటర్లకు తగిలింది. ఇంగ్లండ్‌ల ఆస్పత్రులు ఆపరేషన్లు ఆపుకోవాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు కూడ కొన్నింటికి తగిలింది. దానికి మందు రెండు నెలల ముందే, మార్చిల వచ్చి ఉండె. వేసుకోనోళ్లే పట్టుబడ్డరు. మన బ్యాంకు ఏటీఎంలల్ల చానా వాటిల ఎక్స్‌పీ ఉండె. రిజర్వ్ బ్యాంకు 2018 జూన్‌ల గడువు పెట్టి, 2019 జూన్ లోపల అన్నిటిని మార్చాలని బ్యాంకులకు చెప్పింది. పైసలున్న తావుల పాతది పనికిరాదని వాళ్లకు తెలుసు. నీ దుకాణంల కూడ పైసల పని చేసే కంప్యూటర్ పాతది ఉండొద్దు.

నేను చేసుకున్న ఏర్పాటు చెప్త, నీకు సరిపోతే చేసుకో. మా దుకాణంల రెండు కంప్యూటర్లున్నయ్ అన్న కద. ఒకటి పాతది. దాని మీద టైపింగ్, పాత ఫైళ్లు, పాత ప్రింటర్. దానికి ఇంటర్నెట్ తీగ పీకేసిన, వైఫై బంద్ పెట్టిన. ఇంకోటి కొత్తది. ఆన్‌లైన్ దరఖాస్తులు, మెయిల్, బ్యాంకు, ఫోన్‌పే లెక్కలు అన్ని దాని మీద. గిరాకి తెచ్చిన పెన్‌డ్రైవ్ ముందు కొత్తదాంట్ల పెట్టి స్కాన్ కొట్టినంకనే నా సొంత పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి పాతదాంట్లకు తీసుకపోత. ఒక నిమిషం ఎక్కువైతది, అయినా చేస్త.

ఒక్కటే కంప్యూటర్ ఉన్నోళ్లకు ఇంకో తొవ్వ ఉన్నది. వర్చువల్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, కొత్త సిస్టమ్ లోపలనే పాత సిస్టమ్‌కు ఒక అర్ర కట్టినట్టయితది. పెద్దింట్ల అత్తమ్మకు ఒక అర్ర ఇచ్చినట్టు. ఆమె పద్ధతి ఆమెది, నీ పద్ధతి నీది, పొయ్యి ఒక్కటే. కంప్యూటర్ల ర్యామ్ జర ఎక్కువుండాలె, పాత విండోస్‌కు లైసెన్సు ఉండాలె.

లైసెన్సు అంటే గుర్తొచ్చింది. కంప్యూటర్‌తోని పాటు ప్రో రకం విండోస్ కొన్నోళ్లకు, పాత ప్రోకు దిగే హక్కు ఆ లైసెన్సులనే రాసి ఉంటది. హోం రకానికి అది లేదు. కొనేటప్పుడే అడుగు. ఎవరో ఇచ్చిన దొంగ సీడీతోని పాతది ఎక్కించుకోకు, దాంట్ల ఏముంటదో ఎవరికెరుక. నీ కీ నంబరు ఒక డైరీల రాసి, నీ టైపింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ, ప్రింటర్ డ్రైవర్ ఫైలు, నీ ఫాంట్లన్ని దాంతోని పాటు ఒక డబ్బల పెట్టు. పసుపు కుంకుమ డబ్బ ఎంత భద్రమో, అది గంత భద్రం. ఇంకో మాట. పెండ్లిళ్ల కాలంల, జాతర ముందట, పిల్లల పరీక్షలప్పుడు సిస్టమ్ మార్చకు. ఆషాఢంల మార్చు, గిరాకి తక్కువుంటది, పదిరోజులు చూసుకునే తీరిక ఉంటది.

ఇప్పుడు ఆ అసలు ముచ్చటకు వస్త.

మా ఊరి అవ్వ ఒకామె ఉన్నది. బతుకమ్మ ఆడే తావుల ఆమె పాట ఎత్తుకుంటే ఆడోళ్లందరు చప్పట్లు కలుపుతరు. ఆమెకు చదువు రాదు. చానా ఏండ్ల కింద, తన తల్లి పాడిన పాటలు పోవద్దని దుకాణానికి వచ్చి నాతోని రాపిచ్చుకున్నది. ఆమె పాడుడు, నేను కొట్టుడు, నాలుగు రోజులు పట్టింది. ప్రింట్ తీసిచ్చిన, సీడీల కూడ ఎక్కించిచ్చిన. కాయితాలు వానకు తడిసి పాడైపోయినయ్. సీడీ మాత్రం చీరెల పెట్టెల దాచుకున్నది.

అవ్వ కొడుకు, కోడలు పని కోసం బెంగళూరు పోయిన్రు. మన పాలమూరు బతుకులు నీకు ఎరుకనే కద, ఎన్ని ఇండ్ల తాళాలు దసరాకే తెరుచుకుంటయో. మనుమరాలు ఆడనే పెరిగింది, ఆడనే చదివింది. తెలుగు మాట్లాడుతది, జర జర చదువుతది. పోయిన దసరాకు వచ్చినప్పుడు అవ్వ ఆ సీడీ చేతుల పెట్టి, “ఇండ్ల మీ ముత్తవ్వ ఉన్నది” అన్నదంట. ఆ పిల్ల దాన్ని ల్యాప్‌టాప్‌ల కాపీ చేయించుకొని తెరిచింది. అవే చుక్కలు, అవే తోకలు. పిల్ల నా దుకాణానికి వచ్చి, “ఆంటీ, దీంట్ల పాటలు లేవు, ఏదో కోడ్ ఉన్నది” అన్నది.

నా చేతులు ఒణికినయ్ చెల్లె. ఆ అక్షరాలు కొట్టింది నేను. నేను కొట్టిన తెలుగు, మూడో తరం పిల్లకు కోడ్ లెక్క కనబడుతున్నది. నా పాత కంప్యూటర్ కనుక ఆ దినం పాడైపోయి ఉంటే, నేను కూడ ఆ తాళం తీయలేకపోదును.

అప్పుడు నాకు నారాయణపేట యాదికొచ్చింది. 2019 ఫిబ్రవరి 17 సంది అది మా జిల్లా కేంద్రం. జిల్లా కాకముందు నుంచే దాని పేరు చీరెల మీద ఊరూర తిరిగింది. ఆడ మా పెద్దమ్మ ఇంట్ల మగ్గం ఉండె. మగ్గం మీది పడుగు అయిపోయినప్పుడు పెద్దమ్మ దాన్ని మొత్తం కోసి పారేసేది కాదు. అచ్చులకెళ్లి వచ్చిన పాత పడుగు కొసలు జానెడు ఉంచి, ఆ కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటి అతికేది. వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకొని, పోగును పోగుకు మెలేసుకుంట, పొద్దుందాక కూసునేది. అతుకు అయినంక మెల్లగ గుంజితే, పాత పోగుల ఎంబడి కొత్త పోగులు అచ్చులకెళ్లి ఇవతలికి వచ్చేటివి. పాతది దారి చూపిస్తది, కొత్తది నడుస్తది. ఒక్క పోగు అతకకపోతే చీరెల అక్కడ గీత పడుతది.

సిస్టమ్ మార్చుడు గూడ అట్లనే అతకాలె. పాత కంప్యూటర్ ఆ పడుగు కొస. అది ఇంక మగ్గం మీద ఉన్నప్పుడే నీ అక్షరాలను ఒక్కొక్కటి కొత్తదానికి అతుకు. కొస తెంపుకున్నంక అతకనీకె ఏముంటది?

అవ్వ సీడీ నా పాత కంప్యూటర్ల తెరిచిన. పాటలన్ని చక్కగ ఉన్నయ్. పాత ఫాంటును యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ల వేసిన. తొంభై మాటలు మంచిగ వస్తే పది మాటలల్ల ఒత్తులు అటుఇటు అయితయ్. అది మిషన్ చేసే పని, దిద్దుడు మనిషి పని. అను టైపింగుల యాపిల్ అనే కీబోర్డు వరుస అలవాటైన నా వేళ్లకు, అదే వరుసల యూనికోడ్ కొట్టే పరికరాలు ఉన్నయని అప్పుడే తెలిసింది. కొత్త కంప్యూటర్ల వేసుకున్న. వేళ్లు మళ్ల ఓనమాలు దిద్దాల్సిన పని పడలేదు.

ఫాంటు ఏది పెడదామని చూస్తుంటే ఒక పేరు కనబడ్డది, సురవరం. గూగుల్ ఫాంట్లల్ల పైసలు లేకుండ దొరుకుతది. మన గద్వాల దిక్కు మనిషి, సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద పెట్టిన ఫాంటు. ఆయన 1926ల గోలకొండ పత్రిక పెట్టిండు. తెలంగాణల కవులే లేరని ఎవరో అంటే, ఊరూర కవుల రాతలు తెప్పించి, 350 మందికి పైన కవులను ఒక్క పుస్తకంల కూర్చి 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. ఆ కాలంల ఆయన అట్ల కూర్చకపోతే అండ్ల ఎన్ని పేర్లు మట్టిల కలిసిపోతుండెనో. అవ్వ తల్లి పాటలను ఆ పెద్దాయన పేరున్న అక్షరాలల్ల పెట్టుకుంట, ఇది కూడ ఆ పనే కద అనిపించింది.

దిద్దుడు మాత్రం ఒక్కదాన్నే చేయలేదు. మనుమరాలు బెంగళూరు పోయినంక ఫైలు ఆమె ఫోనుకు పంపిన. ఒక ఆదివారం పొద్దుమీకి అవ్వను దుకాణంల కూసోబెట్టుకొని వీడియో కాల్ కలిపిన. ఆ పిల్ల బెంగళూరుల తన ఫోన్ల చూసుకుంట, కూడబలుక్కుంట చదివింది. అవ్వ కండ్లు మూసుకొని వింటున్నది, కాలు మాత్రం బతుకమ్మ అడుగు ఏస్తున్నది. మూడో పాటల అవ్వ ఠక్కున చెయ్యెత్తి, “ఆగు బిడ్డా, ఆ మాట అట్ల కాదు” అన్నది. పాడి చూపించింది. చూస్తే, కన్వర్టర్ కాదు తప్పు చేసింది, అప్పుడు నేనే తప్పు కొట్టిన. ఇన్నేండ్లు ఆ తప్పు ఆ సీడీల అట్లనే పడుకొని ఉన్నది. పిల్ల ఆడ దిద్దింది, నేను ఈడ దిద్దిన.

ఆత్మకూరు చెల్లెకు ఇదే చెప్పిన. పదిరోజులు కాలేదు కద, ఎనుకకు రా. కార్డులు కొట్టుకో, గిరాకిని కాపాడుకో. సిగ్గు పడకు. రోజుకు ఒక్క గంట మాత్రం, పాత ఫైళ్లల్ల ఏది నీ ఊరికి మళ్ల దొరకదో అది ముందు తీసి యూనికోడ్‌ల అతుక్కుంట పో. ఆషాఢం వచ్చేసరికి కొత్తదానికి పోయేందుకు నీకు భయం ఉండదు. ఆమె జరసేపు ఊకున్నది. తర్వాత, “అక్కా, మా మామ రాసిన భజన పాటలు ఒక ఫైలుల ఉన్నయ్. ఇయ్యాల రాత్రి వాటితోనే మొదలు పెడుత” అన్నది.

నీ పెట్టెల ఏ సీడీ ఉన్నదో చూసుకో చెల్లె. ఉంట మరి.